మత్తడి దుంకని చెరువు: హైస్కూలు పిల్లలతో మూడు వానాకాలాలు

"మేడమ్, పూడిక తీసిండ్రు, కట్టకు మొరం పోసిండ్రు, తూము కొత్తగ కట్టిండ్రు. మరి మత్తడి ఎందుకు దుంకుతలేదు?"

అడిగింది తొమ్మిదో తరగతి అమ్మాయి. వాళ్ల నాన్నకు ఆ చెరువు కింద ఎకరంన్నర మడి ఉంది. చెరువు నిండి మత్తడి (అలుగు) మీంచి నీళ్లు దుంకిన ఏడాది యాసంగి (రబీ) నాటు పడుతుంది. దుంకని ఏడాది ఆ మడి బీడు. రాత్రి అన్నాల దగ్గర ఇంట్లో నడిచే మాటే బడిలో ప్రశ్నై బయటికొచ్చింది. మా రెండో ఏడాది పనంతా ఈ ప్రశ్న మీదే నడిచింది. మొదటి ఏడాది కూడా ఇక్కడే మొదలుపెట్టి ఉండాల్సింది. అలా చేయకపోవడం వల్ల ఏం పోగొట్టుకున్నామో కూడా ఇందులో రాస్తున్నాను. పిల్లలను బయటికి తీసుకెళ్లి ఊరికి పనికొచ్చే పని చేయించాలనుకునే టీచర్లకు, కార్యకర్తలకు మా విజయం కన్నా ఆ భాగమే ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ఊరు ఉమ్మడి వరంగల్ జిల్లాలోది. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ కథలో ఒక భూమి పంచాయితీ ఉంది, దానికి దగ్గరి పిల్లలూ ఉన్నారు. బడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. పాల్గొన్నది ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు, 34 మంది. వాళ్లతో పాటు సైన్సు సారు, సోషల్ టీచరు, స్వచ్ఛంద సంస్థ తరఫున నేను. నెలకు రెండు శనివారాలు మాకు దొరికేవి.

మొదటి ఏడాది చేసిన పని

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. అప్పటి నుంచి పుస్తకాలు వచ్చాయి. 2001-02 నుంచి జాతీయ హరిత దళం పేరుతో ఎకో క్లబ్బులూ వచ్చాయి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపాలని చెప్పింది. కాగితం మీద తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఆ తలుపుల్లోంచి పిల్లలు ఎక్కడికి నడవాలన్నదే తేలలేదు. జూన్ 5 పర్యావరణ దినోత్సవం నాటికి మన బడులు తెరవవు కాబట్టి, దాని బదులు వానాకాలంలో ఒక రోజు పెట్టుకుంటాం. మేమూ అలాగే పెట్టుకున్నాం. బ్యానర్ కట్టి, చేతులకు తొడుగులు వేసుకుని, కట్ట మీద, రేవు దగ్గర ప్లాస్టిక్ ఏరాం. పదకొండు సంచులు నిండాయి. అందరం ఫొటోలు దిగాం. మూడు వారాల తర్వాత వెళ్లి చూస్తే రేవు మళ్లీ అలాగే ఉంది.

అదే నెలలో హరితహారం మొక్కలు దొరికితే కట్ట మీద 60 గుంటలు తీసి కానుగ, రావి నాటాం. ఎవరినీ అడగలేదు. చాలా మొక్కలను మేకలు తినేశాయి. మిగిలిన వాటిని చూసి ఒక పెద్దాయన నిలబడి తలూపాడు. "కట్ట మీద తాళ్లుంటే పర్వాలేదు బిడ్డా. తాటికి పీచు వేళ్లు, మట్టిని పట్టి ఉంచుతయి. రావి వేరు లావైతది. అది మురిగిన్నాడు లోపల తొవ్వ పడతది, నీళ్లు ఆ తొవ్వన పోతయి." మట్టి కట్టల గురించి ఇంజినీర్లు చెప్పేదీ ఇదే. లావు వేర్లు కుళ్లిపోయాక మిగిలే బొరియల్లోంచి నీరు ఊరి, కట్ట కోతకు గురవుతుంది. అంటే మేం సేవ అనుకుని చేసిన పని కట్టకు చేటు. మిగిలిన మొక్కలను జాగ్రత్తగా పీకి బడి ప్రహరీ వెంట నాటాం. పిల్లలకు ఎందుకు పీకుతున్నామో చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు నిజంగా బాధేసింది. ఆ రోజు ఒక నిర్ణయం తీసుకున్నాం: ఇకపై ఏ పనికైనా ముందు ఆ పని అవసరమని ఊళ్లో ఎవరైనా అడిగి ఉండాలి, అది ఎందుకు అవసరమో పిల్లలు స్వయంగా తేల్చుకుని ఉండాలి.

నీళ్ల వెంట పైకి నడక

రెండో ఏడాది బడి తెరిచిన వారంలో పిల్లలను ఒక్కటే అడిగాం: చెరువులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? తెల్ల కాగితం మీద బొమ్మ గీయమన్నాం. ఎక్కువ మంది మబ్బు గీసి, చెరువు మీద చినుకులు గీశారు. ఇద్దరు మిషన్ భగీరథ తాగునీటి పైపు గీశారు. చెరువులోకి కాలువ గీసిన వాళ్లు నలుగురే. వాళ్లలో ముగ్గురు గొర్ల కాపరుల ఇళ్ల పిల్లలు.

తెలంగాణ చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై ఊరి చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది ఊరి చెరువుకు చేరుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్ద చెరువులు కట్టించిన కాకతీయుల నాటి నుంచి ఈ నేల మీద నడిచిన లెక్క ఇది. ఎత్తున కురిసిన వాన ఒడ్ల వెంట, వాగుల వెంట దిగి, కాలువలో కలిసి, చెరువు చేరాలి. 2015 మార్చి 12న అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ 46,531 చెరువులను బాగు చేయాలని పెట్టుకుంది. మా ఊరి చెరువు కూడా అందులోనే పూడిక తీయించుకుంది. రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్లు పెట్టి ఆ నల్లమట్టిని చెలకల్లో పోసుకున్నారు. చెరువు కడుపు పెరిగింది. ఆ కడుపులోకి నీరు చేరే దారి ఎలా ఉందో మేం అంతవరకు చూడలేదు.

తొలి వానలు పడ్డాక నాలుగు శనివారాలు చెరువు నుంచి ఎగువకు నడిచాం. రెవెన్యూ నక్షా జిరాక్స్ సంపాదించాం. అందులో కాలువ రెండు గీతలుగా ఉంది. మొదటి రోజు కిలోమీటరు కూడా పోలేదు. నక్షాలో కాలువ ఉన్న చోట పత్తి చేను ఉంటే పిల్లలు అరగంట వెనకా ముందూ తిరిగారు. ఒకడు నేల మీద కూర్చుని, "ఈడ మట్టి రంగు వేరే ఉంది మేడమ్, గులకరాళ్లు ఉన్నయి" అన్నాడు. నీరు పారిన చోట ఇసుక, నున్నటి రాళ్లు మిగులుతాయని పుస్తకంలో చదివిన మాట ఆ పిల్లాడి చేతిలోకి వచ్చింది. అక్కడి నుంచి పిల్లలు కాలువను రంగుతో, గడ్డితో పట్టుకోవడం నేర్చారు. తుంగ ఉంటే తడి, జమ్ము ఉంటే నిలవ నీరు, సర్కారు తుమ్మ దట్టంగా ఉంటే ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని చోటు.

నడకలో పాఠం చెప్పకూడదని మేం పెట్టుకున్న నియమం గురించి ఒక మాట. ఆగిన ప్రతి చోటా పెద్దవాళ్లు వివరించడం మొదలుపెడితే పిల్లలు చూడటం మానేస్తారు. మేం నోరు కట్టుకున్నాం. నోటు పుస్తకంలో మూడే మూడు రాయాలి: ఏం చూశాను, ఏం అర్థం కాలేదు, ఎవరిని అడగాలి. మూడో గడి వల్లే ఈ పని ఊళ్లోకి పాకింది.

నీరటి తాత

"ఎవరిని అడగాలి" గడిలో పదే పదే వచ్చిన జవాబు, నీరటి తాత. పూర్వం ప్రతి పెద్ద చెరువుకూ నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఎంత తీయాలి, కాలువ చివరి మడికి నీళ్లు ఎన్నో రోజున అందాలి, వరద రాత్రి కట్ట మీద ఎక్కడ పడుకోవాలి, ఇవన్నీ ఆయన పని. కల్లంలో ఇంత గింజలని రైతులు కొలిచేవాళ్లు. బోర్లు వచ్చాక ఆ పని అడుగంటింది. మా ఊళ్లో ఆ పని చేసిన చివరి మనిషికి ఎనభై ఏళ్లు దాటాయి. ఆయన మనవడు మా ఎనిమిదో తరగతిలో చివరి బెంచీలో కూర్చుంటాడు. చదవడం సరిగా రాదు, బడికి రావడమూ తక్కువే.

తాతను బడికి పిలిచాం. వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వరండాలో నేల మీద కూర్చోబోయాడు. అది వయసు వల్ల వచ్చిన అలవాటు కాదని ఊరి సంగతి తెలిసిన ఎవరికైనా తెలుసు. సోషల్ టీచరు వెళ్లి చెయ్యి పట్టుకుని తెచ్చి హెడ్‌మాస్టర్ గది నుంచి తెప్పించిన కుర్చీలో కూర్చోబెట్టారు. అతిథి ఉపన్యాసకులకు మా బడ్జెట్లో ఎంత ఉందో అంతా ఆయనకు ఇచ్చాం, సంతకం బదులు వేలిముద్ర వేయించుకున్నాం. ఈ చిన్న విషయం ఎందుకు రాస్తున్నానంటే, ఊరి జ్ఞానం అంటూ పొగుడుతూనే దాన్ని ఉచితంగా తీసుకోవడం మన రంగంలో మామూలైపోయింది. పట్నం నుంచి వచ్చిన వాళ్లకు గౌరవ వేతనం, ఊరి మనిషికి శాలువా. పిల్లలు దీన్ని గమనిస్తారు.

తాత ఆ రోజు గంటన్నర మాట్లాడాడు. మూడు మాటలు మా పనిని మలుపు తిప్పాయి. ఒకటి, కాలువలో పూడిక ప్రతి ఎండాకాలం ఊరంతా కలిసి తీసేవాళ్లని. రెండు, రోడ్డు ఎత్తు పెంచిన ఏడాది నుంచి నీళ్లు తగ్గాయని. మూడు, "మత్తడి దగ్గర నిలబడి చూస్తే ఏం తెలుస్తది? మోరీ కాడికి పోండ్రి."

రోడ్డు కింద నీళ్లు పోవడానికి పైపులు వేసిన మోరీ కాడికి పోయాం. మూడు పైపుల్లో రెండు పూర్తిగా మూసుకుపోయాయి. ఒకదానిలో నుంచి మాత్రం నీరు సన్నగా కారుతోంది. ఎగువన వెడల్పాటి మడుగు, మడుగు నిండా చెత్త, కొమ్మలు. కిందికి కాలువ కనబడనే లేదు.

కొలతలు

ఇక్కడ సైన్సు సారు పని మొదలైంది. నేను నేర్చుకున్నది కూడా ఇక్కడే ఎక్కువ.

బడి డాబా మీద వానమాపకం పెట్టాం. సీసా కోసి చేసేవి పైన వెడల్పు, కింద ఇరుకుగా ఉంటే లెక్క తప్పుతుంది. గోడలు నిటారుగా ఉన్న డబ్బా కావాలి. వాతావరణ శాఖ లాగే పొద్దున 8:30కు చూడాలని చెప్పాం. అప్పుడు ఒక లెక్క వేయించాం. ఎకరం నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4 వేల లీటర్లు. 25 మిల్లీమీటర్లు పడితే లక్ష లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. ఊళ్లో పెళ్లిళ్లకు వచ్చే ట్యాంకర్ ఎంతుంటుందో పిల్లలకు తెలుసు కాబట్టి, ఈ లెక్క విన్నాక తరగతి ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. కొంత ఇంకుతుంది, కొంత ఆవిరవుతుంది, కొంతే పారుతుంది. ఆ కొంతలో ఎంత చెరువు చేరుతోంది?

కాలువలో నీటి ప్రవాహం కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పది మీటర్ల తాడు, చేతి గడియారం, ఎండిన కొబ్బరి చిప్ప చాలు. చిప్ప పది మీటర్లు పోవడానికి 25 సెకన్లు పడితే వేగం సెకనుకు 0.4 మీటరు. కాలువ వెడల్పు 1.2 మీటర్లు, సగటు లోతు 15 సెంటీమీటర్లు అయితే మూడింటినీ గుణించాలి. పైన నీరు వేగంగా, అడుగున, పక్కన ఒరుసుకుంటూ నెమ్మదిగా పోతుంది కాబట్టి 0.85తో మళ్లీ గుణించాలి. సెకనుకు దాదాపు 61 లీటర్లు వస్తుంది. గుణకారాల్లో తడబడే పిల్లలు ఈ లెక్కను మోరీకి పైన, మోరీకి కింద, చెరువు నోటి దగ్గర వేసి చూశారు. ఒక జోరు వాన తర్వాత మోరీకి పైన మోకాలి లోతు పారుతున్న నీరు కింద మడమ లోతుకు కూడా రాలేదు. తేడా ఎక్కడికి పోయిందో వెతికితే, సగం రోడ్డు వెంట పక్క వాగులోకి మళ్లిపోతోంది, సగం మడుగులో నిలిచి ఇంకుతోంది.

అన్నీ ఇంత బాగా కుదరలేదు. పక్షుల లెక్క కోసం వేసుకున్న పథకం పూర్తిగా విఫలమైంది. దుర్భిణీలు లేవు, జాబితా పొడవు, పిల్లలు విసిగిపోయారు. కొంగ, లకుముకి, నీటికోడి వరకు గుర్తుపట్టారు. దాన్ని ఆపేశాం. ఒక బృందం ఒకే ఏడాది అన్నీ చేయాలనుకోవడం పిల్లల కోసం కాదు, నివేదిక కోసం.

పొలం ఎవరిది

మోరీ దాటాక కాలువ కనబడని చోటు ఒక రైతు వరి మడి. నక్షా ప్రకారం మడి మధ్యలోంచి కాలువ పోవాలి. ఆ రైతు మా బృందంలోని ఒక అబ్బాయికి మేనమామ.

పిల్లల్లో కోపం రేగింది. "కాలువ దున్నుకున్నడు" అని ఒకరు, "ఫొటో తీసి వాట్సాప్‌లో పెడదాం" అని ఇంకొకరు. ఆ అబ్బాయి రెండు శనివారాలు రాలేదు. ఈ పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించిన రోజులవి. పిల్లలు కనిపెట్టిన నిజం మీద పిల్లలనే నిలబెట్టి ఊరి పెద్దలతో గొడవకు దింపడం సేవ అనిపించుకోదు. దాని బరువు మోయాల్సింది మేం, వాళ్లు కాదు. అలాగని చూసిన దాన్ని చూడలేదని చెప్పించడం కూడా తప్పే. ఇద్దరు టీచర్లు, నేను కలిసి మూడు నిర్ణయాలు తీసుకున్నాం. ఏ పటంలోనూ సర్వే నంబరు, పేరు రాయకూడదు. ఏ ఫొటో గుంపు దాటకూడదు. ముందు మేమే ఆయన ఇంటికి వెళ్లి వినాలి.

వెళ్లాం. ఆయన చాయ్ పోయించి చెప్పిన సంగతి పిల్లల కథనాన్ని తారుమారు చేసింది. రోడ్డు ఎత్తు పెరిగి, మోరీ పూడాక ఆ కాలువలో నీళ్లు రావడం ఆగిపోయింది. ఏళ్ల తరబడి ఎండిన కాలువలో తుమ్మ మొలిచి పందులు చేరాయి. అప్పుడు చదును చేసుకున్నాడు. ఇప్పుడు కాలువ మళ్లీ తీస్తే జోరు వానకు తన నారుమడి కొట్టుకుపోతుందని ఆయన భయం. భయం సహేతుకమైంది.

బడికి వచ్చి పిల్లలతో ఒక వరుస రాయించాం. రోడ్డు ఎత్తు పెరిగింది, మోరీ పైపులు చిన్నవి, చెత్త చేరింది, నీరు ఆగింది, కాలువ ఎండింది, తుమ్మ మొలిచింది, చదునైంది, చెరువు నిండలేదు. అప్పటిదాకా దొంగను వెతుకుతున్న పిల్లలు వరుసలో ఎక్కడ చెయ్యి పెడితే మిగతాది కదులుతుందో వెతకడం మొదలుపెట్టారు. మేనల్లుడు మూడో శనివారం తిరిగొచ్చాడు. వాడే మామను అడిగి కాలువ పాత దారి ఎక్కడో గెట్టు మీద గుర్తు పెట్టించాడు.

ముగ్గు

అక్టోబరు 2 గ్రామసభలో చూపించాలని అనుకున్నాం. ఆ రోజులకు పత్తి ఏరడం మొదలైంది. ఆడపిల్లలు సగం మంది బడికే రాలేదు. ముందే ఊహించాల్సిన విషయం. ఈ ప్రాంతంలో పంటల క్యాలెండర్ చూడకుండా బడి పని పెట్టుకుంటే ఆడపిల్లలే ముందు తప్పిపోతారు. సర్పంచ్‌ను బతిమాలి, బతుకమ్మ సెలవులు ముగిశాక ఒక సాయంత్రం ప్రత్యేకంగా కూర్చునేలా ఏర్పాటు చేయించాం.

పవర్‌పాయింట్ వద్దని అమ్మాయిలే అన్నారు. బడి మైదానంలో నలభై అడుగుల ముగ్గు వేశారు. ఎర్రమట్టితో గుట్టలు, నీలం రంగుతో వాగు, పసుపుతో ఆయకట్టు, తెల్ల పిండితో కాలువ. కాలువ తెగిన మూడు చోట్ల ఎర్ర మిరపకాయలు పెట్టారు. మోరీ, చదునైన మడి, తుమ్మ పట్టిన రెండు వందల మీటర్లు. మడి దగ్గర పేరు లేదు. ఆ రైతు ముందు వరుసలోనే నిలబడ్డాడు, ఊరందరికీ తెలుసు, ఎవరూ ఆయన వైపు వేలు చూపలేదు. చివరి బెంచీ మనవడు ముగ్గులో నడుస్తూ తాత చెప్పిన దారంతా చెప్పాడు. చదవడం సరిగా రాని పిల్లవాడు ఒక్క కాగితం లేకుండా పది నిమిషాలు మాట్లాడాడు.

పెద్దవాళ్ల వాదన ఆ తర్వాత గంటసేపు నడిచింది. చివరికి ఒప్పుకున్నది ఇది: కాలువ పాత దారిన కాకుండా గెట్టు వెంట తిప్పాలి, మూల మలుపులో రాళ్లు పేర్చి నారుమడి కోతను ఆపాలి, పూడిక, తుమ్మ పని ఎండాకాలంలో ఉపాధి హామీ కింద పెట్టాలి, మోరీ గురించి పంచాయతీ తీర్మానం పంపాలి.

పిల్లల వంతు

ఎండాకాలంలో కూలీలు కాలువ తీస్తున్నప్పుడు పిల్లలు కూడా పార పట్టుకుంటామన్నారు. ఒప్పుకోలేదు. అది కూలి దొరికే పని, పిల్లలు ఉచితంగా చేస్తే ఎవరిదో ఒకరి రోజు కూలి పోతుంది. తుమ్మ ముళ్లు మామూలువి కావు. పిల్లల వంతుకు మూడు పనులు మిగిలాయి, ఊళ్లో ఇంకెవరూ చేయనివి. తూము స్తంభం మీద పది సెంటీమీటర్లకొకటిగా రంగు గీతలతో గేజీ గీయడం, అది అక్టోబరులోనే అయింది. ప్రతి శనివారం నీటి మట్టం, వానమాపకం రిజిస్టర్‌లో రాయడం. ప్రతి పెద్ద వాన తర్వాత మరునాడు మోరీ నోరు చూసి, మూసుకుపోతే పంచాయతీకి చెప్పడం, చేతితో తీయగలిగింది పెద్దవాళ్ల సమక్షంలో తీయడం.

చూడటానికి చిన్న పనులు. కానీ కట్ట మీద ప్లాస్టిక్ ఏరిన పూట కన్నా ఇవి ఊరికి ఎక్కువ అక్కరకొచ్చాయని నేను గట్టిగా అంటాను, ఎందుకంటే ఇవి ఆగితే ఊళ్లో ఎవరో ఒకరు అడుగుతున్నారు. ఒక శనివారం పిల్లలు రాకపోతే ఆయకట్టు రైతు బడికే వచ్చి "మట్టం ఎంతుంది?" అని అడిగాడు.

భద్రత

చెరువు దగ్గర పిల్లలతో పని అంటే మొదటి భయం నీళ్లే. పూడిక, మొరం తీసిన చోట గుంతలు లోతుగా ఉంటాయి, పైకి మోకాలి లోతులా కనిపిస్తాయి. ఎన్నో ఊళ్లలో పిల్లలు పోయేది ఆ గుంతల్లోనే. అందుకే పని మొదలయ్యే ముందు తాతను, ఇద్దరు చేపలు పట్టే వాళ్లను వెంటబెట్టుకుని గుంతల పటం గీయించాం, వాటి దగ్గర ఎర్ర గుడ్డ కట్టాం. చెరువు నీళ్లలోకి ఎవరూ దిగరు. కాలువలోనూ మోకాలు దాటితే కొలత ఆపేస్తాం. జంట జంటగానే కదలాలి, ప్రతి అరగంటకు లెక్క. నడకకు బూట్లు తప్పనిసరి. లేని పిల్లలకు కొనిచ్చాం, దానికి బడ్జెట్లో ముందే పద్దు పెట్టుకోవాలి. పాము విషానికి మందు ఏ ఆసుపత్రిలో ఉందో ఫోన్ చేసి కనుక్కోకుండా ఒక్క నడక కూడా పెట్టలేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల లోపు ఉంటే ఎక్కడున్నా ఆపి బడిలోకి రావాలి. ఒకసారి కట్ట మీద అలా పరుగెత్తాం, పిడుగు ఎదురు గుట్ట మీద పడింది. ఆడపిల్లల కోసం నడక దారిలో ఏ ఇంట్లో మరుగుదొడ్డి వాడుకోవచ్చో ముందే అడిగి పెట్టుకున్నాం. ఇది రాయకపోతే ఎవరూ అడగరు, అడగకపోతే అమ్మాయిలు రోజంతా నీళ్లు తాగకుండా నడుస్తారు.

ఏం మారింది

మూడో వానాకాలంలో కాలువ పారింది. ఆగస్టు చివర్లో ఒక వారం వానలకు గేజీ మీద నీరు ఎక్కుతుంటే పిల్లలు రోజూ పరుగెత్తారు. మత్తడికి జానెడు కింద ఆగింది. దుంకలేదు.

ఇది మా పని ఫలితమా, ఆ ఏడాది వాన ఫలితమా అని మమ్మల్ని చాలామంది అడిగారు. గట్టిగా చెప్పలేం. గేజీ గీసింది రెండో ఏడాది అక్టోబరులో, అప్పటికి వానాకాలం దాటిపోయింది. ముందటి ఏడాదుల మట్టం రాసి లేదు, పోల్చడానికి ఆధారం లేదు. మొదటి ఏడాది బ్యానర్ కట్టిన రోజు బదులు గేజీ గీసి ఉంటే ఈ ప్రశ్నకు జవాబు ఉండేది. ఈ అనుభవం చదివి పని మొదలుపెట్టేవాళ్లు మొదటి వారంలోనే కొలత మొదలుపెట్టండి, ఏం చేయాలో తెలియకపోయినా సరే. కొలత లేకపోయినా చూసింది మాత్రం చెప్పగలం: జోరు వాన తర్వాత చెరువు నోటి దగ్గర కాలువ మూడు రోజులు పారింది. అంతకు ముందు ఏడాది వానలు పడిన మరునాడే ఆగిపోయేది.

మోరీ పైపులు అవే ఉన్నాయి. తీర్మానం వెళ్లింది, పని రాలేదు. అందుకే మోరీ నోరు చూసే పని పిల్లల మీదే ఉంది, అది నాకు ఇష్టం లేదు.

పిల్లల్లో మార్పు చూడటానికి పరీక్ష పెట్టలేదు. ముగ్గు వేసిన ఐదు నెలల తర్వాత, మార్చిలో, చెరువులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో మళ్లీ తెల్ల కాగితం మీద గీయమన్నాం. చెప్పకుండా, సిద్ధం కాకుండా. ఆ రోజు వచ్చిన 31 మందిలో 27 మంది గుట్ట నుంచి చెరువు దాకా దారి గీశారు. వాళ్లలో పంతొమ్మిది మంది మోరీ గీశారు. ఇద్దరు ఇంకా మబ్బు, చినుకులే గీశారు. వాళ్లు నడకలకు రాని పిల్లలు. మరో ఇద్దరు పై ఊరి చెరువునూ, అక్కడి నుంచి వచ్చే మత్తడి నీటినీ గీశారు. అది మేం ఎప్పుడూ నడవని దారి.

నీరటి తాత మనవడి హాజరు పెరిగింది, చదవడం ఇంకా కష్టమే. ఈ ఒక్క పనితో వాడి చదువు మారిపోయిందని చెప్పడం అబద్ధం అవుతుంది. ఇప్పుడు వాడు రెండో బెంచీలో కూర్చుంటున్నాడు, ఎవరూ మార్చలేదు, వాడే మారాడు.

ప్రశ్న అడిగిన అమ్మాయి పదో తరగతికి వెళ్లింది. పదోవాళ్లకు శనివారాలు దొరకవు. రిజిస్టర్‌ను కొత్త ఎనిమిదో తరగతికి అప్పగించే రోజు ఆమె మోరీ దాకా వాళ్లను నడిపించింది. రిజిస్టర్‌లో ఆమె చేతి రాతలో ఉన్న చివరి పద్దు ఇది: "సెప్టెంబరు రెండో శనివారం. గేజీ మట్టం రాసినం. మోరీ నోట్లో ఒక పాత చీర, రెండు సిమెంటు సంచులు, తుమ్మ కొమ్మ. చీర, సంచులు తీసినం. కొమ్మ పెద్దగుంది, పంచాయతీకి చెప్పినం. వచ్చే శనివారం చూడాలె."